ఇల్లు చేరినవాళ్ళు దిగాలి

ఆ బస్సు డిపోలో ఏ డ్రైవరునీ సొంత పేరుతో పిలిచే అలవాటు లేదు. రోజుకు పద్నాలుగు టీలు తాగేవాడు 'కెటిల్'. అరకిలోమీటరు ముందే ఎవరో అడ్డం వస్తారని హారను మీద చెయ్యేసి కూర్చునేవాడు 'జోరీగ'. మన కథలోని డ్రైవరుకు పెట్టిన పేరు 'హాజరు మాస్టారు'. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో బండికి గీత పడనివ్వలేదు. అయినా ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు, పేరు పెట్టడానికి వంక మాత్రం అందరికీ గుర్తుంటుంది.

వంక ఏమిటంటే, ఆయన చొక్కా జేబులోని ఫోను. బండి నడిపేటప్పుడు దాన్ని వేలితో కూడా ముట్టుకోడు. అదే గుండె మీద పడుకుని గుర్రుమంటూ ఉంటుంది. ఎనిమిదిన్నరకు ఒక గుర్రు: భార్య బడికి చేరింది. ఆవిడ లెక్కల టీచరు. తొమ్మిదికి ఇంకోటి: తమ్ముడు వెళ్ళి సెలూను తలుపు తీశాడు. తొమ్మిదీ నలభైకి మూడోది: చెల్లెలు తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి చేరింది. సాయంత్రం ఇళ్ళకు చేరాక మళ్ళీ మూడు. ఒక్క రింగు ఇచ్చి కట్ చేయాలి. ఇటువైపు ఎత్తకూడదు, అటువైపు మాట్లాడకూడదు. 'చేరాను' అని దానర్థం. ఫోన్లు లేని రోజుల్లో కిటికీ ఊచ మీద రెండు దెబ్బలు కొట్టి గాని ఇంట్లోకి రాకూడదు. చెల్లెలు పెళ్ళయి అత్తారింటి గుమ్మంలో కాలు పెట్టిన రోజున కూడా అందరూ చూస్తుండగా ముందు ఫోను తీసి ఒక్క రింగిచ్చింది. అత్తగారు బిత్తరపోయి ఎవరికమ్మా అంటే, "హాజరండీ" అంది.

డిపోలో ఇంకో మర్యాద ఉంది. షిఫ్టు మారేటప్పుడు కొత్త డ్రైవరు బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లను బూటుతో తట్టి, సీట్లో కూర్చుని అద్దం సర్దుకుని "బండి నాది" అనాలి. ఆ మాట అనేదాకా పాతవాడు కదలకూడదు. అన్నాక ఆ బండి గురించి నోరెత్తకూడదు. బ్రేకు కాస్త గట్టిదిరా అని గాని, మూడో గేరు మొరాయిస్తుందిరా అని గాని ఒక్క ముక్క జారిందా, అందరికీ టీ పెట్టించాలి. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క టీ కూడా పెట్టించని మనిషి మన హాజరు మాస్టారే. దిగాడంటే దిగినట్టే. తన ఇంటి విషయంలో మాత్రం ఆయన ఒక్కరోజూ దిగలేదు. ఆ ముక్క ఆయనకే తెలియదు.

ఏటా జరిగే వైద్య పరీక్షలో ఆ సంగతి బయటపడింది. డాక్టరమ్మ జబ్బకు బీపీ పట్టీ కట్టి రబ్బరు బల్బు నొక్కింది. నూట డెబ్భై రెండు, కింద నూట ఎనిమిది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ నొక్కింది. ఏమీ మారలేదు.

"తలనొప్పి వస్తుందా?"

"మా డిపో మేనేజరు ఎదురుపడితే వస్తుందండీ."

ఆవిడ నవ్వలేదు. "ఒక వారం బండి ఎక్కొద్దు. మాత్రలు రాస్తున్నాను, ఉప్పు తగ్గించండి, నడవండి. తర్వాత ఊళ్ళో రూట్లు మాత్రమే. ఆరు వారాలకు మళ్ళీ చూస్తాను. అప్పటికీ బీపీ దిగకపోతే మీరు స్టీరింగు ముందు కూర్చోవడానికి నేను సంతకం పెట్టలేను."

సంతకం లేకపోతే స్టోర్సుకు పంపుతారు. కిటికీ వెనక కూర్చుని మెకానిక్కులకు నట్లు, బోల్టులు అందివ్వాలి. జీతం అదే, నీడపట్టున ఉద్యోగం, ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు. ఈయన మాత్రం ఇంటికొచ్చి నీరుగారిపోయి కూర్చున్నాడు. తెల్లవారి మొదటి బండి తీసి, ఖాళీ రోడ్డు మీద మొదటి స్టాపులో ఆగి, తలుపు తెరిచి, ఎదురుచూస్తున్నవాళ్ళను ఎక్కించుకోవడమంటే ఆయనకు ప్రాణం. అది లేని బతుకు ఎలా ఉంటుందో ఆలోచించడానికి కూడా భయపడ్డాడు.

మళ్ళీ బండెక్కిన ఐదారు రోజులకు డాక్టరమ్మ ఒక యంత్రం ఇచ్చింది. జబ్బకు పట్టీ, నడుముకు చిన్న పెట్టె. ఒక రోజంతా అరగంటకోసారి పట్టీ దానంతటదే బిగిసి లెక్క రాసుకుంటుంది. బిగిసినప్పుడల్లా ఏం చేస్తున్నదీ ఒక పుస్తకంలో రాయాలి. బస్సులో ఆ పని కండక్టరు నెత్తిన వేసుకున్నాడు. "మార్కెట్ దగ్గర. ముందు లారీ, వెనక లారీ, మధ్యలో మేము" అని ఒకచోట, "స్కూటరువాడు తప్పు చేసి మనల్నే తిట్టాడు, నేను తిరిగి తిట్టాను, మాస్టారు తిట్టలేదు" అని ఒకచోట రాశాడు. ఇంట్లో భార్య రాసింది: "కాఫీలో పంచదార లేదని మొహం మాడ్చుకున్నారు. పంచదార ఉంది." ఆ తర్వాతి గళ్ళలో ఆయనే తన వంకర చేతిరాతతో నింపాడు.

డాక్టరమ్మ ఒక చేత్తో లెక్కల కాగితం, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చాలాసేపు చూసింది.

"విచిత్రంగా ఉందే! రెండు లారీల మధ్య ఇరుక్కున్నప్పుడు నూట ముప్పై ఆరు. స్కూటరువాడు తిట్టినప్పుడు నూట ముప్పై నాలుగు. సాయంత్రం ఐదున్నరకు ఇంట్లో హాయిగా కుర్చీలో కూర్చున్నారు, నూట ఎనభై ఒకటి. ఏం రాశారిక్కడ?"

"చెల్లెలు ఇంకా చేరలేదు అనండీ."

"ఆరు గంటలకు నూట ముప్పై తొమ్మిది."

"చేరింది."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎప్పటినుంచి ఇలా?"

ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ చెప్పాడు. ఆయనకప్పుడు పదకొండేళ్ళు. చెల్లెలికి ఏడు, తమ్ముడికి మూడు. నాన్న కలప అడితిలో పనిచేసేవాడు. ఐదున్నర బస్సుకు దిగేవాడు. ఆ రోజు బడి పుస్తకాలు కొనుక్కొస్తానన్నాడు కాబట్టి, సంచీ అందుకోమని అమ్మ పిల్లాణ్ణి స్టాపుకు పంపింది. ఐదున్నర బస్సులో నాన్న లేడు. ఆ తర్వాతి దాంట్లోనూ లేడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా సంచీ కోసం చెయ్యి ముందుకు పెట్టి నిలబడ్డాడు. అడితిలో దొంతర జారి నాన్న మీద పడిందన్న కబురు వేరే దారిన ఇంటికి చేరింది. ఇల్లంతా ఏడుపు. స్టాపులో ఒక పిల్లాడు నిలబడి ఉన్నాడన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. గంట తర్వాత చెల్లెలే పరుగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది. "నాన్న రాడంట, ఇంటికి రా" అంది.

"వెళ్ళారా?"

"నువ్వెళ్ళు, ఇంకో బస్సు చూసి వస్తానన్నానండీ."

డాక్టరమ్మ పుస్తకం మూసి నెమ్మదిగా చెప్పింది. "చిన్నతనంలో అంత దెబ్బ తిన్న ప్రతివాళ్ళకూ ఇలా అవుతుందని కాదు. కానీ ఆ వయసులో ఒళ్ళు ఒకసారి కాపలాకు నిలబడితే, చాలామందికి అదే అలవాటైపోతుంది. గుండె గబగబా కొట్టుకోవడం, నరాలు బిగుసుకోవడం, నిద్ర చాలకపోవడం. ఒకరోజు అయితే ఏం కాదు. మీకు ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే. మాత్రలు మాత్రల పని చేస్తాయి, మానకండి. రెండో పని మీ ఇంట్లోవాళ్ళది." లేవబోతుంటే ఇంకో మాట అడిగింది. "మరి మీరు ఎవరికిస్తారు, ఆ ఒక్క రింగు?"

"నేనా?" ఆయనకు నవ్వొచ్చింది. "నేను డ్రైవర్నండీ. నేను చేరడమేమిటి, అందర్నీ చేర్చేవాణ్ణి."

ఇంటికొచ్చి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ మర్నాడే సెలూనులో అత్యవసర సమావేశం పెట్టింది. తమ్ముడు ఒక కుర్చీలో, చెల్లెలు ఒక కుర్చీలో, ఆవిడ మధ్యలో నిలబడి దువ్వెన పట్టుకుని పాఠం మొదలుపెట్టింది.

"ఎదురుచూపు ఉంటే బీపీ ఉంది. ఎదురుచూపు తీసేస్తే?"

"బీపీ పోతుంది," అన్నాడు తమ్ముడు, చిన్నప్పుడు లెక్కల్లో తప్పినవాడు.

"సెభాష్. నువ్వు ఐదూ నలభైకి కదా ఇల్లు చేరేది?" అని ఆడపడుచు వైపు తిరిగింది. "ఐదూ ఇరవైకే రింగిచ్చెయ్."

"అది అబద్ధం కదా వదినా?"

"ఎందుకవుతుంది? చేరకుండా ఎక్కడికి పోతావు? కాస్త ముందుగా చెప్పిన నిజం."

లెక్కల టీచరు నోట ఆ మాట వచ్చాక ఇక తిరుగేముంది? ఆ రోజు నుంచి ఆయన ఎదురుచూడ్డం మొదలుపెట్టేలోపే జేబు గుర్రుమనేది. తమ్ముడు మరీ ఆరిందా. ఎటూ అబద్ధమే కదా అని పొద్దున దుప్పటి తీయకుండానే 'సెలూను చేరాను' అని ఒక రింగిచ్చి అటు తిరిగి పడుకునేవాడు. భార్య ఒక బీపీ యంత్రం కొని, రోజూ చూసి ఇంట్లో గోడ మీద గీసే గీత రోజురోజుకూ కిందికి దిగింది. నూట యాభై ఎనిమిది, నూట యాభై, నూట నలభై రెండు. హాజరు మాస్టారు డిపోలో ఛాతీ విరుచుకుని చెప్పాడు. "మావాళ్ళకు ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందిరా. ఒక్కరు ఆలస్యంగా రారు. ఇదీ క్రమశిక్షణ అంటే."

పద్దెనిమిదో రోజున కెటిల్‌కు కడుపునొప్పి వచ్చింది. టీలన్నీ ఒకేసారి తిరగబడ్డట్టున్నాయి. అతని బదులు సాయంత్రం ఏడో నంబరు రూటుకు మన మాస్టారును వేశారు. మార్కెట్ స్టాపులో జనం తోసుకుంటూ ఎక్కారు. వెనక తలుపు నుంచి ఒకావిడ సంచీతో ఎక్కి, మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చుంది. డ్రైవరు మొహం ఎవరు చూస్తారు? ఆవిడా చూడలేదు. తీరిగ్గా సంచీలోంచి ఫోను తీసింది. ఒక్క నొక్కు నొక్కి, మళ్ళీ లోపల పడేసింది.

హాజరు మాస్టారు గుండె మీద ఫోను గుర్రుమంది. చెల్లెలు ఇల్లు చేరింది. సంతోషం. అలవాటుగా అద్దంలోకి చూశాడు. ఇల్లు చేరిన చెల్లెలు మూడో వరుసలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

ఆయన బండిని పక్కకు తీసి ఆపి, సీట్లోంచి లేచి వెనక్కి తిరిగాడు. బస్సంతటికీ వినబడేలా అన్నాడు. "ఇల్లు చేరినవాళ్ళు దిగాలమ్మా! చేరినవాళ్ళకు బస్సులో పనేంటి?"

జనం మొహమొహాలు చూసుకున్నారు. చెల్లెలు తలెత్తింది. నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చుంది. ఆయన మళ్ళీ సీట్లో కూర్చుని, చివరి స్టాపు దాకా ఒక్క కుదుపు లేకుండా నడిపాడు. అంత కోపంలోనూ బండిని ఏమీ అనలేదు.

ఇంటికి వచ్చేసరికి ముగ్గురూ హాజరై ఉన్నారు. చెల్లెలు ముందే కబురు పెట్టింది. భార్య ఆయన జబ్బకు పట్టీ కట్టింది. నూట డెబ్భై ఆరు. గోడ మీది గీత మొదటికొచ్చింది. పరీక్ష ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

"ఎన్నాళ్ళుగా సాగుతోందిది?"

"పద్దెనిమిది రోజులు," అంది భార్య.

"రోజుకు ఆరు. అంటే నూట ఎనిమిది అబద్ధాలు!"

"తొంభై ఆరు. రెండు ఆదివారాలు తీసెయ్యాలి."

"నేను మంచం మీంచి కొట్టినవి వేరే లెక్కలోకి వస్తాయా వదినా?" అన్నాడు తమ్ముడు. ఆవిడ ఉరిమి చూసింది.

హాజరు మాస్టారు కిటికీ పక్కన తన కుర్చీలో కూలబడ్డాడు. రోజూ సాయంత్రం ఆయన కాపలా కూర్చునే కుర్చీ అదే. దాని చేతులు రెండూ అరిగి నున్నగా ఉంటాయి. తిట్టడానికి నోరు తెరిచాడు. అంతలో ఆగి, ఏదో లెక్క కడుతున్నట్టు పెదాలు కదిపాడు.

"తొంభై ఆరు సార్లు… మీరు నిజంగా చేరేటప్పుడు నేను చూస్తూ లేను."

"లేవు," అంది చెల్లెలు.

"దార్లో ఉన్నప్పుడు చేరారనుకుని నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాను. టీ తాగాను. ఒకరోజు కునుకు కూడా తీశాను."

"తీశారు. గురక పెట్టారు," అంది భార్య.

"అయినా చేరారు."

"చేరాం అన్నయ్యా," అన్నాడు తమ్ముడు, ఈసారి వేళాకోళం లేకుండా. "మేం ఎప్పుడూ చేరుతూనే ఉన్నాం."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు గాని, అద్దంలో అందరికీ కనబడనే కనబడ్డాయి. తను కళ్ళు మూస్తే ఎవరో ఒకరు దార్లో ఆగిపోతారని ఇన్నేళ్ళూ నమ్మాడు. పదకొండేళ్ళప్పుడు పట్టుకున్న ఆ నమ్మకాన్ని ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని తెలియను కూడా తెలియదు. చెల్లెలికి అది అర్థమైంది. చీర కొంగు బొడ్లో దోపి లేచింది.

"లే అన్నయ్యా."

"ఎందుకు?"

"లే చెప్తా."

లేచాడు. చెల్లెలు కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. నాలుగు కోళ్ళనూ కాలితో తట్టింది. తమ్ముడికి ముందు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని, అద్దం సర్దినట్టు కిటికీ తెర సర్దింది.

"ఆ రోజు స్టాపుకొచ్చి పిలిస్తే నువ్వు నాతో రాలేదు. ఇంకో బస్సు చూసి వస్తానన్నావు. ముప్పై ఎనిమిదేళ్ళయింది అన్నయ్యా, ఇంక ఏ బస్సూ లేదు. నువ్వు ఇంటికి వచ్చెయ్. బండి నాది."

హాజరు మాస్టారు రెండడుగులు వెనక్కి వేశాడు. తలుపు దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు.

"గురువారాలు తమ్ముడు సెలూను ఆలస్యంగా కట్టేస్తాడు, ఆ రోజు మాత్రం నువ్వు…"

"టీ!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

ఇరవై నాలుగేళ్ళ రికార్డు పోయింది. ఆయన వంటింట్లోకి వెళ్ళి అందరికీ టీ పెట్టాడు. పంచదార వేయడం మరిచిపోయాడు. భార్య ఆ సంగతి పుస్తకంలో రాసి పెట్టింది.

మర్నాటి నుంచి రింగులన్నీ చెల్లెలి ఫోనుకే. ఆవిడ ఎలాంటి మనిషంటే, తన ఫోను ఎక్కడ పెట్టిందో తనకే తెలియదు. ఒకసారి బియ్యం డబ్బాలో దొరికింది. రింగు వచ్చిందా అని అడిగితే, వచ్చే ఉంటుందిలే అనేది. అందుకే ఈ ఉద్యోగానికి ఆవిడను మించినవాళ్ళు లేరని భార్య అంది. హాజరు మాస్టారుకు మాత్రం మొదటి మూడు రోజులూ గండంగా గడిచాయి. గుర్రుమనని జేబును పదే పదే తడుముకునేవాడు. నాలుగో రోజున, ఐదున్నర అయిందని గమనించకుండా పక్కింటాయనతో వాన కురుస్తుందా కురవదా అని అరగంట వాదించాడు. తొమ్మిది రోజుల్లో ఆరు సార్లు టీ పెట్టాల్సి వచ్చింది.

పరీక్ష రోజు డాక్టరమ్మ రెండుసార్లు బల్బు నొక్కింది. నూట ముప్పై నాలుగు, కింద ఎనభై ఆరు.

"మాత్రలు మానేశానని అనుకోకండి, వేసుకుంటూనే ఉన్నానండీ."

"మానితే ఊరుకోను. ఇది ఒక్కరోజులో పోయేది కాదు, మూడు నెలలకోసారి రండి." సంతకం పెట్టి, కాగితం ఆయన చేతికిస్తూ నవ్వింది. ఆవిడ నవ్వడం ఆయన అప్పుడే చూశాడు.

బయటికి వచ్చి, కాగితం మడిచి గుండె జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. కెటిల్ నడుపుతున్నాడు. వెనక తలుపు నుంచి ఎక్కి మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఏ పనీ లేకుండా ఒట్టి ప్రయాణికుడిలా చివరిసారి ఎప్పుడు కూర్చున్నాడో ఆయనకే గుర్తు లేదు. చెట్లు, దుకాణాలు, గొడుగు మరిచిపోయి తడుస్తున్న మనుషులు, అన్నీ వాటంతటవే వెళ్ళిపోతున్నాయి.

తన స్టాపులో దిగాడు. బస్సు తలుపు వెనక మూసుకుంది. రెండడుగులు వేసి ఆగాడు. డాక్టరమ్మ అడిగిన మాట గుర్తొచ్చింది. ఫోను తీసి, చెల్లెలి నంబరు నొక్కాడు. ఒక్క రింగు చాలు, కట్ చేద్దామనుకున్నాడు. ఆ ఒక్క రింగు పూర్తి కాకుండానే, ఎప్పుడూ ఫోను దొరకని ఆ చెల్లెలు అవతల ఎత్తేసింది.

"చేరావా అన్నయ్యా?"

ఎత్తకూడదన్న నియమం గుర్తు చేద్దామనుకున్నాడు.

"చేరానమ్మా," అన్నాడు.